వెన్నుకొక చిన్న దన్ను

ముందుగా ఒక చిక్కు ప్రశ్న. ఒక తాతగారికి డెబ్భై ఏళ్లు. ఇంటి నుంచి వీధి చివర కిరాణా కొట్టు దాకా నడిస్తే చాలు, పిరుదుల నుంచి పిక్కల దాకా రెండు కాళ్లూ లాగేస్తాయి, మొద్దుబారిపోతాయి. ఎవరిదో ఒక అరుగు చూసుకొని కూలబడతారు. అయిదు నిమిషాలు కూర్చుంటే నొప్పి మాయమవుతుంది. లేచి నడిస్తే మళ్లీ అదే బాధ. కాని అదే తాతగారు సైకిలెక్కితే మాత్రం అయిదారు కిలోమీటర్లు తొక్కుకుంటూ వెళ్లి పొలం చూసి వస్తారు! కాళ్లలోనే లోపం ఉంటే సైకిలు ఎలా తొక్కగలుగుతున్నారు?

కాళ్లకు రక్తం తీసుకుపోయే నాళాలు పూడుకుపోయిన వాళ్లకు నడిచినా నొప్పే, సైకిలు తొక్కినా నొప్పే. తాతగారి సంగతి అలా లేదు. కనుక లోపం కాళ్లలో లేదు, నడుములో ఉంది. నడుము దగ్గర వెన్నెముక లోపలి దారి ఇరుకై, అందులోంచి కాళ్లకు వెళ్లే నాడులు నలిగిపోవడం వల్ల ఇలాంటి బాధ కలుగుతుందని 1954లో హెంక్ వెర్బీస్ట్ అనే డచ్చి శస్త్రవైద్యుడు వివరించాడు. ఆయన నెదర్లాండ్సులోని యూట్రెక్ట్ నగరంలో పనిచేసేవాడు. ఇరుకైన దారిని వెడల్పు చెయ్యాలంటే చుట్టూ ఉన్న ఎముకను కొంత తొలిచి తియ్యాలి. ఆనాడు అదే మార్గం. నేటికీ అదే ప్రధాన మార్గం.

అయితే ఎముకను తొలవకుండా, బొటనవేలి గోరంత లోహపు ముక్కను సరైన చోట దూర్చితే ఆ దారి తెరుచుకొని ఉంటుందని కొందరు వైద్యులకు తోచింది. ఆ ముక్క కథే ఈ వ్యాసం. దాన్ని అర్థం చేసుకోవాలంటే మన వెన్ను ఎంత బరువు మోస్తున్నదో ముందు తెలియాలి. ఆ లెక్క చాలామంది అనుకునేదానికంటే పెద్దది.

పుట్టినప్పుడు మన వెన్నెముకలో 33 పూసలుంటాయి. మెడలో 7, ఛాతీ వెనుక 12, నడుములో 5. వీటి కింద ఉన్న 5 పెరిగేకొద్దీ ఒకటిగా అతుక్కుపోతాయి. అన్నిటికంటే కింద ఉన్న నాలుగూ కలిసి చిన్న తోక ఎముకగా మిగులుతాయి. విడివిడిగా కదిలేవి పై 24 మాత్రమే. మెడలోని మొదటి రెండిటి మధ్య తప్ప, ఒక్కొక్క జంట పూసల మధ్య మెత్తని బిళ్ల ఒకటి ఉంటుంది. దీన్నే డిస్కు అంటారు. ‘డిస్కు జారింది’ అని పెద్దవాళ్లు అనుకోవడం మీరు వినే ఉంటారు.

ఈ డిస్కు నిర్మాణం చూడముచ్చటగా ఉంటుంది. మధ్యలో తాటిముంజెలాంటి గుజ్జు. దానిలో ఎక్కువ భాగం నీరే. చుట్టూ ఉల్లిపొరల్లాగా ఒకదాని మీద ఒకటి చుట్టుకున్న 15 నుంచి 25 దాకా గట్టి పొరలు. ప్రతి పొరలోనూ నారపోగులు ఏటవాలుగా పరిగెత్తుతాయి. ఒక పొరలో కుడికి వాలితే తరువాతి పొరలో ఎడమకు వాలుతాయి. పాత సైకిలు టైరును చీల్చి చూడండి, లోపలి దారాలు అచ్చం ఇలాగే అడ్డదిడ్డంగా కనిపిస్తాయి. లోపలి ఒత్తిడికి టైరు పగలకుండా కాపాడేది ఆ అల్లికే. నీటిని నొక్కితే కుంచించుకుపోదు, ఒత్తిడిని అన్ని వైపులకూ సమానంగా పంచుతుంది. మీరు చదువుకున్న పాస్కల్ నియమం మీ నడుములోనే పగలూ రాత్రీ పనిచేస్తున్నదన్నమాట.

డిస్కు లోపలికి రక్తనాళాలు పోవు. పగలంతా బరువు మోస్తూ కొంత నీటిని బయటికి వదులుతుంది. రాత్రి పడుకున్నప్పుడు ఆ నీటిని మళ్లీ పీల్చుకుంటుంది. దీన్ని మీరే పరీక్షించవచ్చు. ఉదయం పక్క మీది నుంచి లేవగానే గోడకు ఆనుకొని నిలబడి, తలమీద అట్ట పెట్టించుకొని, గోడమీద గీత గీయించుకోండి. రాత్రి పడుకోబోయే ముందు మళ్లీ అలాగే చెయ్యండి. రెండో గీత కిందికి ఉంటుంది. పెద్దవాళ్లలో ఈ తేడా ఒకటి రెండు సెంటీమీటర్లు కూడా ఉంటుంది. భూమి చుట్టూ తిరిగే కేంద్రాలలో నెలల తరబడి ఉండే వ్యోమగాములకు వెన్నుమీద బరువే ఉండదు కనుక వాళ్లు మూడు శాతం దాకా పొడుగవుతారు. భూమికి దిగిన తరువాత మళ్లీ మామూలే.

ఇక బరువు లెక్కకు వద్దాం. 20 కిలోల బియ్యం సంచిని ఎత్తితే నడుముమీద 20 కిలోలే పడుతుందా? లీవరు పాఠం గుర్తు తెచ్చుకోండి. నడుములోని డిస్కును ఆధారం అనుకోండి. వంగి సంచి పట్టుకున్నప్పుడు అది ఆధారానికి సుమారు 40 సెంటీమీటర్లు ముందు ఉంటుంది. మనం ముందుకు పడిపోకుండా వెనక్కి లాగేవి వీపు కండరాలు. అవి ఆధారానికి వెనుక 5 సెంటీమీటర్ల దూరంలోనే ఉన్నాయి. భారాన్ని భారభుజంతో గుణిస్తే 20 × 40 = 800. అటు కండరాలకు బలభుజం 5 మాత్రమే. కనుక అవి 800 ÷ 5 = 160 కిలోల బలంతో లాగాలి. వంగినప్పుడు మన సొంత మొండెం, తల కూడా ముందుకు వేలాడుతూనే ఉంటాయి. వాటి బరువు 40 కిలోలు, దూరం 25 సెంటీమీటర్లు అనుకుంటే దానికోసం మరో 200 కిలోలు. కిందికి నొక్కేవన్నీ కూడండి: 160, 200, 40, 20. మొత్తం 420 కిలోలు! (ఇక్కడ కిలో అన్నచోటల్లా కిలోగ్రాము భారం అని చదువుకోవాలి. పరీక్షలో ఇలా రాస్తే మార్కులు పోతాయి.) ఇది మోటు లెక్కే. వీపు కండరాలొక్కటే కాదు, పొట్ట కండరాలు కూడా ఇందులో పాల్గొంటాయి. కాని ఎక్కడ బరువు పెరుగుతున్నదో ఈ లెక్క చక్కగా చూపిస్తుంది. సంచి బరువుకంటే దాని దూరం ముఖ్యం. తలమీద బిందె పెట్టుకొని నడిచే స్త్రీలు అంత నిటారుగా ఎందుకు నడుస్తారో కూడా దీన్నిబట్టి తెలుస్తుంది. బిందె బరువు సరిగ్గా వెన్ను మీదుగా దిగుతుంది, భారభుజం దాదాపు సున్నా.

కాగితం మీది లెక్క సరే, నిజంగా డిస్కు లోపల ఒత్తిడిని కొలిచినవారున్నారా? ఉన్నారు. స్వీడన్‌లోని గోథెన్‌బర్గ్ నగరంలో ఆల్ఫ్ నాకెమ్సన్ అనే ఎముకల వైద్యుడు 1960లలో ఆ పని చేశాడు. మనుషుల నడుము డిస్కులలోకి సన్నని సూది పంపి ఒత్తిడిని చూశాడు. ఆయన ఫలితాలు ప్రపంచమంతటా పాఠ్యపుస్తకాలకెక్కాయి. నిలబడినప్పటి ఒత్తిడిని 100 అనుకుంటే వెల్లకిలా పడుకున్నప్పుడు 25, ఆనుకోకుండా కూర్చుంటే 140, నిలబడి ముందుకు వంగితే 150, కూర్చొని ముందుకు వంగితే 185.

1999లో జర్మనీలోని ఉల్మ్ నగరంలో (ఐన్‌స్టీన్ పుట్టిన ఊరే) హాన్స్ యోఆకిమ్ విల్కె, ఆయన సహచరులు ఇంతకంటే మంచి పరికరంతో మళ్లీ కొలిచారు. 45 ఏళ్ల వయసు, 70 కిలోల బరువు ఉన్న ఒక ఆరోగ్యవంతుడు ఇందుకు ముందుకు వచ్చాడు. దాదాపు ఒక రోజంతా ఆయన డిస్కులో పరికరం ఉంది. పడుకుంటే చదరపు సెంటీమీటరుకు 1 కిలో. నిలబడితే 5. మోకాళ్లు వంచకుండా నడుము వంచి 20 కిలోలు ఎత్తితే 23! అదే బరువును మోకాళ్లు వంచి ఎత్తితే 17. ఎత్తిన దాన్ని ఒంటికి దగ్గరగా పట్టుకుంటే 11. స్కూటరు టైరులో మనం కొట్టించే గాలి చదరపు సెంటీమీటరుకు సుమారు 2 కిలోలని గుర్తుంచుకొని ఈ అంకెల్ని చూడండి. రాత్రి ఏడు గంటల నిద్రలో ఒత్తిడి 1 నుంచి నెమ్మదిగా 2.4కు పెరిగింది. డిస్కు నీరు పీల్చుకుంటున్నదనడానికి ఇంతకంటే సాక్ష్యమేముంటుంది? ఇంకొక విశేషం. కూర్చున్నప్పుడు ఒత్తిడి నిలబడినప్పటికంటే బాగా ఎక్కువని నాకెమ్సన్ చెప్పాడు కదా, విల్కె కొలతలో రెండూ ఇంచుమించు సమానంగానే వచ్చాయి. ముప్ఫై ఏళ్లపాటు పాఠాల్లో చెప్పిన అంకెను కూడా మళ్లీ కొలిచి చూడవలసిందే.

ఇంతవరకు డిస్కులున్న ముందువైపు చూశాం. ఇప్పుడు పూసను వెనుకవైపు నుంచి చూద్దాం. ప్రతి పూసకూ వెనుక ఎముకతో చేసిన కమాను లాంటిది ఉంటుంది. పూసల కమానులన్నీ ఒకదాని కింద ఒకటి చేరి గొట్టంలా ఏర్పడతాయి. అందులోంచి వెన్నుపాము దిగుతుంది. నడుములోని మొదటి రెండు పూసల దగ్గర వెన్నుపాము ముగిసిపోయి, అక్కడినుంచి నాడులు పాయలు పాయలుగా వేలాడుతాయి. గుర్రపు తోకలా ఉన్నాయని శరీరశాస్త్రజ్ఞులు వాటికి ఆ పేరే పెట్టారు. కాళ్లకు వెళ్లేవి ఇవే. కమానుకు రెండు పక్కలా కింది పూసతో కలిపే చిన్న కీళ్లుంటాయి. వెనుక మధ్యలో ముల్లులా ఒక ఎముక పొడుచుకొని వస్తుంది. మీ స్నేహితుణ్ణి కొంచెం వంగమని వీపు మధ్య వేలితో తడిమితే వరుసగా తగిలే బొడిపెలు ఈ ముళ్లే.

వేళ్లు అలాగే ఉంచి స్నేహితుణ్ణి ఇంకా ముందుకు వంగమనండి. ముళ్లు దూరదూరంగా జరుగుతాయి. వెనక్కి విరుచుకోమనండి. దగ్గరగా వస్తాయి. ఇదొక్కటి గమనిస్తే ఈ వ్యాసంలో సగం అర్థమైనట్టే.

కమానులను కలుపుతూ గొట్టం వెనుక గోడకు పచ్చని సంధిబంధనం ఒకటి ఉంటుంది. సాగే గుణం దానికి ఎక్కువ. ముందుకు వంగినప్పుడు అది కిటికీ పరదాను రెండు కొసలా లాగినట్టు బిగిసి పలచబడుతుంది. వెనక్కి విరిచినప్పుడు వదులై ముడతలు పడి గొట్టంలోకి చొచ్చుకొస్తుంది. పడుచువారికి గొట్టం విశాలంగా ఉంటుంది కనుక ఆ ముడత ఎవరికీ తెలియదు. వయసు మళ్లిన కొద్దీ డిస్కులో నీరు తగ్గి, గాలి దిగిన టైరులా అది చప్పబడుతుంది. పూసలు దగ్గరవుతాయి. డిస్కు మోయలేని బరువు వెనుక కీళ్ల మీద పడుతుంది. అవి అరిగి, అంచులకు కొత్త ఎముక పెరిగి ఉబ్బుతాయి. పచ్చని బంధనం మందమవుతుంది. ముందునుంచి డిస్కు, పక్కలనుంచి కీళ్లు, వెనుకనుంచి బంధనం. మూడువైపులా ఆక్రమణ జరిగిన వీధిలో బండి ఎలా కదులుతుంది?

తాతగారి చిక్కు ఇప్పుడు విడిపోతుంది. నిటారుగా నడిచేటప్పుడు నడుము కొద్దిగా లోపలికి విరిగి ఉంటుంది. గొట్టం ఇరుకై నాడులు నలుగుతాయి. కూర్చున్నా, హ్యాండిలు మీదికి వంగి సైకిలు తొక్కినా నడుము ముందుకు వంగుతుంది. ముళ్లు విడతాయి, బంధనం బిగుస్తుంది, నాడులకు చోటు దొరుకుతుంది. అంతే.

చురుకైన విద్యార్థి ఇక్కడ నన్ను నిలదీయాలి: “ముందుకు వంగితే డిస్కులో ఒత్తిడి పెరుగుతుందని ఇంతకుముందే చెప్పారు కదా మాస్టారూ! మరి హాయిగా ఎలా ఉంటుంది?” మంచి ప్రశ్న. తాతగారి బాధకు మూలం డిస్కులోని ఒత్తిడి కాదు, నాడులకు చోటు చాలకపోవడం. పైగా సైకిలు హ్యాండిలు మీద చేతులు ఆనించినప్పుడు మొండెం బరువులో కొంత చేతుల మీదుగా దిగిపోతుంది.

అయితే జీవితాంతం వంగి నడవమని ఎవరినైనా అనగలమా? నడుమంతా వంగనక్కరలేదు, ఇరుకు ఉన్న ఆ ఒక్క కీలు దగ్గర కొన్ని డిగ్రీలు వంగితే చాలు. ఆ రెండు పూసల ముళ్ల మధ్య ఒక అడ్డుముక్క పెడితే అవి దగ్గరకు రాలేవు. అక్కడ పూసలు ఎప్పుడూ కాస్త వంగినట్టే ఉంటాయి. మిగతా వెన్ను మామూలుగా నిటారుగా ఉంటుంది. తలుపు మూసుకుపోకుండా కింద చెక్కముక్క పెట్టడం లాంటిదే ఈ ఉపాయం. వైద్యులు దీన్ని స్పేసర్ అంటారు. మనం దన్నుముక్క అందాం.

ఆలోచన పాతదే. 1950లలోనే అమెరికాలో నోల్స్ అనే వైద్యుడు ముళ్ల మధ్య ఉక్కు ముక్కలు పెట్టి చూశాడు. అవి చోటు తప్పి జారిపోయేవి. దాంతో ఆ పద్ధతి మూలపడింది. 1986లో ఫ్రాన్సులోని బోర్డో నగరంలో జాక్ సెనెగాస్ అనే శస్త్రవైద్యుడు టైటానియం ముక్కను పెట్టి, అది జారకుండా పాలియెస్టర్ పట్టీతో ముళ్లకు కట్టాడు. దెబ్బతిన్న డిస్కు మీద బరువు తగ్గించాలన్నది ఆయన ఉద్దేశం. 1994లో ఫ్రాన్సులోనే జాక్ సమానీ అనే వైద్యుడు ఇంగ్లీషు ‘యు’ అక్షరంలా వంచిన టైటానియం రేకును రూపొందించాడు. అది ముక్కగా అడ్డుపడుతుంది, స్ప్రింగులా కొంత కదులుతుంది కూడా. తరువాత ‘కోఫ్లెక్స్’ అనే పేరుతో ప్రసిద్ధికెక్కింది ఇదే. కాలిఫోర్నియా వైద్యులు జేమ్స్ జుకర్‌మన్, కెన్ షూ రూపొందించిన ‘ఎక్స్-స్టాప్’ కోడిగుడ్డు ఆకారపు ముక్క. పక్కకు జారకుండా దానికి రెండు రెక్కలుంటాయి. 2005 నవంబరులో అమెరికా ప్రభుత్వ ఆహార, ఔషధ సంస్థ దీనికి అనుమతినిచ్చింది.

టైటానియమే ఎందుకు? గాలి తగలగానే దాని మీద సన్నని ఆక్సైడు పొర ఏర్పడి లోహాన్ని కాపాడుతుంది. కనుక ఒంట్లో తుప్పు పట్టదు, శరీరం కూడా దాన్ని పరాయిదిగా చూసి తిరగబడదు. (టైటానియం దొరికే ఇల్మెనైటు ఖనిజం మన భీమునిపట్నం తీరపు ఇసుకలోనూ ఉంది.) దీనికొక చిక్కు లేకపోలేదు. ఎముకకంటే ఇది అయిదారు రెట్లు బిరుసైనది. ఆ సంగతి మళ్లీ మాట్లాడుకుందాం.

దన్నుముక్క నిజంగా బరువు పంచుకుంటుందా అన్నది మృతదేహాల వెన్నెముకల మీద పరీక్షించారు. 2003లో వెలువడిన ఒక పరిశీలనలో, వెన్నును వెనక్కి విరిచినప్పుడు ఎక్స్-స్టాప్ పెట్టిన డిస్కు మధ్య గుజ్జులో ఒత్తిడి 41 శాతం, దాని వెనుక అంచున 63 శాతం తగ్గింది. మామూలుగా నిలబడిన స్థితిలో 20, 38 శాతం. పైనా కిందా ఉన్న డిస్కులలో చెప్పుకోదగ్గ మార్పు లేదు. కారణం తేలికే. ఇంతకుముందు బరువు ముందున్న డిస్కు మీదుగా, వెనుక రెండు కీళ్ల మీదుగా దిగేది. ఇప్పుడు పాకకు నాలుగో గుంజ పాతినట్టయింది. మరొక పరిశీలనలో నాడుల గొట్టం వైశాల్యం 18 శాతం, నాడులు పక్కలకు బయటపడే రంధ్రాల వైశాల్యం 25 శాతం పెరిగినట్టు తేలింది. ఇరుకు సందులో అయిదో వంతు జాగా అంటే తక్కువేమీ కాదు.

దీన్ని అమర్చడానికి పెద్ద కోత అక్కరలేదు. ఎముకను తొలిచే పాత పద్ధతిలో వీపు కండరాలను పక్కకు తప్పించి కమాను ఎముకను తియ్యాలి. రోగికి పూర్తి మత్తు ఇస్తారు. ఎక్స్-స్టాప్‌ను రోగి పక్కకు తిరిగి ముడుచుకొని పడుకొని ఉండగా, ఆ చోట మాత్రమే మత్తుమందు ఇచ్చి కూడా పెట్టేవారు. 2015లో అమెరికాలో అనుమతి పొందిన ‘సుపీరియాన్’ ఇంకా ఒక అడుగు ముందుకు వేసింది. వీపు మధ్య చిన్న గంటు పెట్టి సన్నని గొట్టాన్ని దింపుతారు. ముడిచిన గొడుగులాంటి దన్నుముక్కను దానిలోంచి పంపుతారు. ఎక్స్-రే తెరమీద చూస్తూ, ముళ్ల మధ్యకు చేరగానే బయటినుంచి మర తిప్పితే దాని చేతులు పైకీ కిందికీ విచ్చుకొని రెండు ముళ్లనూ పట్టుకుంటాయి. ముళ్ల మధ్య ఎడాన్నిబట్టి 8 మిల్లీమీటర్ల నుంచి 16 దాకా రకరకాల కొలతల్లో దొరుకుతుంది. వయసు మళ్లి, గుండె జబ్బో చక్కెర జబ్బో ఉండి, పెద్ద ఆపరేషనుకు తట్టుకోలేని వారికి ఇది ఎంత ఆశ కలిగించి ఉంటుందో ఊహించండి.

ఆశ వేరు, రుజువు వేరు. ఎక్స్-స్టాప్‌కు అనుమతి తెచ్చిన పరీక్షలో 191 మంది రోగులు పాల్గొన్నారు. నూరుగురికి దన్నుముక్క పెట్టారు. మిగతా 91 మందికి మందులు, వెన్నులో ఇంజక్షన్లు, వ్యాయామ చికిత్స. రెండేళ్ల తరువాత చూస్తే మొదటి జట్టులో 48 శాతం మందికి గుణం కనిపించింది, రెండో జట్టులో 5 శాతానికే. ఘనవిజయంలాగే ఉంది. కాని క్రికెట్టులో ఎవరి మీద గెలిచారన్నది అడగకుండా స్కోరు ఒక్కటే చూస్తే చాలదు కదా. ఇక్కడ పోటీ మందులతో పెట్టారు. ఎముకను తొలిచే పాత ఆపరేషనుతో పెట్టలేదు.

ఆ పోటీ ఐరోపాలో జరిగింది. 2013లో రెండు ఫలితాలు వచ్చాయి. నెదర్లాండ్సులోని లైడెన్ వైద్యులు 159 మందిని చీట్లు తీసినట్టుగా రెండు జట్లు చేశారు. సగం మందికి కోఫ్లెక్స్, సగం మందికి పాత ఆపరేషను. ఎవరికి ఏది చేశారో మొదటి ఏడాది రోగికీ చెప్పలేదు, రోగిని పరీక్షించి వివరాలు రాసుకొనే నర్సుకూ చెప్పలేదు. చెబితే అభిప్రాయాలు మారిపోతాయని భయం. ఏడాది తరువాత నొప్పి తగ్గడంలో రెండు జట్లూ సమానమే. తేడా ఇంకొకచోట కనిపించింది. నొప్పి తగ్గక మళ్లీ ఆపరేషను చేయించుకోవలసి వచ్చినవారు పాత పద్ధతిలో 8 శాతం, దన్నుముక్క జట్టులో 29 శాతం! స్వీడన్‌లో 100 మందితో ఎక్స్-స్టాప్‌ను పరీక్షించినప్పుడూ అదే వరుస. దన్నుముక్క వారిలో 26 శాతం, పాత పద్ధతిలో 6 శాతం మందికి రెండో ఆపరేషను అవసరమైంది.

ఎందుకిలా జరిగిందంటే, కొందరి ఇరుకు వంగితే విడిపోయే రకం కాదు. అడ్డంగా పెరిగిన ఎముకను తీస్తే తప్ప అక్కడ చోటు రాదు. కొందరికి ముక్క జారింది. మరికొందరి ముల్లు విరిగింది. బిరుసు సంగతి మళ్లీ మాట్లాడుకుందామన్నది ఇందుకే. ఒత్తిడి అంటే బలాన్ని వైశాల్యంతో భాగించడం. దన్నుముక్క ముల్లును తాకే చోటు చాలా చిన్నది. బిరుసు లోహం, వయసుతో గుల్లబారిన ఎముక. రోజుకు కొన్ని వేల అడుగులు. ఓడిపోయేది ఎముకే. అందుకే ఎముకలు గుల్లబారినవారికి దీన్ని పెట్టకూడదని నియమం ఉంది. ఎముకకు దగ్గర బిరుసు ఉండే గట్టి ప్లాస్టిక్కుతో, సిలికాన్ రబ్బరుతో కూడా దన్నుముక్కలు చేశారు. సెనెగాస్ తన రెండో నమూనాలో టైటానియాన్ని వదిలి అటువంటి ప్లాస్టిక్కుకే మారాడు.

ఎక్స్-స్టాప్ కొన్నేళ్లకు మార్కెట్టు నుంచి తప్పుకుంది. కోఫ్లెక్స్‌కు 2012లో అమెరికాలో అనుమతి వచ్చింది, కాని ఎముక తొలిచే ఆపరేషనుకు బదులుగా కాదు, అది చేసిన తరువాత దన్నుగా పెట్టడానికి. సుపీరియాన్ 391 మందితో జరిగిన పరీక్షలో నెగ్గుకొచ్చింది. అందులో దానికి పోటీగా నిలబెట్టింది ఎక్స్-స్టాప్‌నే అని మాత్రం నేను చెప్పక తప్పదు. నా మటుకు నాకు, దన్నుముక్క వెనుక ఉన్న ఆలోచన చక్కనిది, దాని లెక్కా సరైనదే. చిక్కల్లా ఎవరికి పెట్టాలో ఎంచుకోవడంలో ఉంది.

ఎంచుకోవడానికి స్కానింగు చిత్రం ఒక్కటే సరిపోదు. ఎక్స్-స్టాప్ పరీక్షలో చేర్చుకొనేముందు రోగులకు ఖర్చులేని షరతులు రెండు పెట్టారు. 50 నిమిషాలు, అంటే మన బడిలో ఒక పీరియడు కంటే కాస్త ఎక్కువసేపు, నొప్పి లేకుండా కూర్చోగలగాలి. కనీసం 50 అడుగులు నడవగలగాలి. కూర్చున్నా నొప్పి తగ్గని మనిషికి ముళ్ల మధ్య ఎంత మంచి ముక్క పెట్టినా దొరికేది కూర్చున్నప్పటి వంపే.